నాంచారమ్మ నవ్విన రోజు

ఒక్క పేజీ. పదమూడేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే బస్సులో మోశాను, క్లాసులో మోశాను, ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు కూడా దించలేదు. మా ఆయనకు చెప్పలేదు. ఇన్నేళ్ళుగా స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీలో కూర్చుని నా డబ్బాలో కూర తినే స్నేహితురాలికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పేదాన్ని కాదేమో.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఏడవడానికి ఈ కాగితం ముందు కూర్చోలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. తప్పు చేశాను, అది తప్పే, దానికి మరో పేరు పెట్టను. అయితే ఆ తప్పు పక్కనే నేనొక మంచి పని చేశాను. ఆ మంచి పనికి కూడా తలవంచుకోమంటే వంచుకోను. పొగరుగా ఉందంటారా? అనుకోండి.

నేను సోషియాలజీ చెబుతాను. తాడేపల్లిగూడెం దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో. అక్కడ సోషియాలజీకి డిపార్ట్‌మెంటు లేదు, ఒక బల్ల, ఒక బీరువా, నేను. ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలు మొదటి సంవత్సరంలో ఒక సెమిస్టర్ పాటు చరిత్ర, సమాజం చదవాలన్న నియమం ఒకటి ఉంది కాబట్టి నాకు జీతం ఇస్తారు. నేను చేరేనాటికి ఆ కోర్సు ఎలా ఉండేదో చెబితే నమ్మరు. సమాజం నిర్వచనం, సమాజం లక్షణాలు, కుటుంబం నిర్వచనం, కుటుంబం రకాలు. మరెక్కడినుంచో దించేసిన ఐదు యూనిట్లు. పిల్లలు పరీక్ష ముందు రోజు కంఠతా పట్టి, పరీక్ష హాలు మెట్లు దిగేలోపు మరిచిపోయేవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టలేను. చెబుతున్న నాకే ఆవలింతలు వచ్చేవి.

నేను దాన్ని మార్చాను. ఒక్కదాన్నే కూర్చుని మార్చాను. నేల, నీరు, పని, నమ్మకం, మార్పు. ఐదు యూనిట్లకు ఐదు మాటలు. పద్దెనిమిదేళ్ళ పిల్లలకు సమాజం అంటే వాళ్ళ వీధి చివర మొదలవ్వాలని నా పట్టుదల. ఉండి నుంచి వచ్చిన ఒకబ్బాయి వాళ్ళ వరిచేను చేపల చెరువుగా ఎలా మారిందో ఇంట్లో ముగ్గురిని అడిగి మూడు రకాలుగా రాసుకొచ్చాడు, ముగ్గురి మాటా ఎందుకు కలవలేదో కూడా రాశాడు. ద్వారకా తిరుమల కొండ కింద కొబ్బరికాయల కొట్టు నడిపే వాళ్ళమ్మాయి, మెట్లెక్కబోయే యాత్రికుల నడక చూసి ఎవరు బేరమాడతారో వాళ్ళమ్మ ఎలా కనిపెడుతుందో నాలుగు పేజీలు రాసింది. అంతకుముందు ఇరవై మార్కుల ప్రశ్నకు కూడా నాలుగు పేజీలు రాసిన మొహాలు కావు అవి. ఇదంతా నా చేతులతో చేసిన పని. దీని మీద ఎవరు వేలెత్తి చూపినా ఆ వేలు విరిచేస్తాను.

కానీ ఆ పని కాగితం మీద ఉండగానే చచ్చిపోబోయింది. సిలబస్ కమిటీలో అందరూ ఇంజనీర్లే. డీన్ గారు మర్యాదస్తులు, చాలా మెత్తగా మాట్లాడతారు, ఆ మెత్తదనంతోనే పీక నొక్కుతారు. ఈ యూనిట్లన్నీ బాగానే ఉన్నాయి గానీ పిల్లల్ని కదిలించేది ఒక్కటీ కనబడటం లేదన్నారు. దీని బదులు ఇంటర్వ్యూలకు పనికొచ్చే ఇంగ్లీషు పెడదామన్నారు. వచ్చే మీటింగుకి ఒక్క పాఠం, చదివితే గుండెకు తగిలేది, తెచ్చి చూపించండి, అప్పుడు ఆలోచిద్దామన్నారు. రెండు వారాల గడువు.

అందుకే కొల్లేరు వెళ్ళాను.

అక్కడి సంగతి చెప్పేముందు మా నాన్నగారి సంగతి కొంచెం చెప్పాలి. సాకు చెబుతున్నానని అనుకోకండి. నా చెయ్యి అలా ఎందుకు తిరిగిందో నాకే అర్థం కావాలి.

నాన్నగారు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. మా చర్చిలో ఆదివారం ఆరాధనలో ఎవరో ఒకరు లేచి నిలబడి సాక్ష్యం చెప్పేవారు, తమ బతుకులో దేవుడు ఏం చేశాడో. చదువు రానివాళ్ళు శనివారం సాయంత్రమే మా అరుగు మీదకు వచ్చి చెప్పుకునేవారు. నాన్నగారు విని, దానికో వరస కుదిర్చి, చిన్న కాగితం మీద రాయించి, రెండుసార్లు వాళ్ళ చేత చెప్పించి పంపేవారు. రాసేది నేను. నా దస్తూరి బాగుండేది. ముందు కష్టం, మధ్యలో ప్రార్థన, చివర సంతోషం. ఒకసారి ఒకావిడ, కొడుకు పుట్టాడనీ, ఆ తర్వాత పెద్దపిల్ల జ్వరంతో పోయిందనీ చెప్పింది. కాగితం మీదకు వచ్చేసరికి పిల్ల పోవడం ముందుకు జరిగింది, కొడుకు పుట్టడం చివరికి వెళ్ళింది. నేను పెన్ను ఆపి నాన్నగారి వైపు చూశాను. "రెండూ జరిగినవేనమ్మా. ఏడుపు దగ్గర ఆపేస్తే వినేవాళ్ళు ఇంటికి ఏం పట్టుకెళ్తారు?" అన్నారు. మర్నాడు ఆవిడ అలాగే చెప్పింది. చర్చంతా చప్పట్లు కొట్టింది. ఆవిడ ముఖం మాత్రం, ఎవరిదో చీర కట్టుకున్న మనిషిలా, తన మాటల్లో తానే ఇమడనట్టు ఉంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. అది చూశాను, గుర్తుంది, అయినా నేర్చుకోవలసింది నేర్చుకోలేదు. వరస కుదర్చడం మాత్రం నేర్చుకున్నాను.

కైకలూరు దాటాక ఆటోలో గట్టు మీదుగా వెళ్ళాలి. ఆ లంక గ్రామం పేరు చెప్పను. నాంచారమ్మ అని ఒక పెద్దావిడ బాగా మాట్లాడుతుందని చెబితే వాళ్ళింటికి వెళ్ళాను. అరవై దాటి ఉంటాయి. వల బాగుచేస్తూ మాట్లాడింది, చేతులు ఆపకుండా. నేను ఫోన్లో రికార్డు పెట్టి ఇటుక మీద ఉంచాను. నలభై నిమిషాలు. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఫోను వైపు చూస్తూ అక్కడే నిలబడిపోయింది.

అప్పటికి కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసి చాలాకాలమైంది. సరస్సులో అక్రమంగా తవ్విన చెరువులని, నీళ్ళు పారే దారి మూసుకుపోయిందని, పక్షులు రావడం లేదని, మిషన్లు తెచ్చి గట్లు తెంచేశారు. నేను దానికి పూర్తిగా అనుకూలం. అప్పుడూ, ఇప్పుడూ. పెద్ద పెద్ద చెరువుల వెనక ఎవరున్నారో ఈ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. కొల్లేరు మళ్ళీ కొల్లేరు కావాలని నేను క్లాసులో గొంతు చించుకుంటాను. అంటే నాకు కావలసిన జవాబు నా దగ్గర ముందే ఉంది. కావలసిందల్లా ఒక లంక ఆవిడ గొంతు.

నాంచారమ్మ నాకు కావలసింది చెప్పలేదు. వాళ్ళది పెద్దవాళ్ళ చెరువు కాదు. ఊరందరూ కలిసి తవ్వుకున్న సొసైటీ చెరువు, ఇంటికో వాటా. దాని వల్లే ఆవిడ కొడుకు ఊళ్ళో నిలబడ్డాడు. గట్టు తెంచిన రోజు ఆవిడ పొయ్యి వెలిగించలేదు. మర్నాడూ వెలిగించలేదు. పది రోజులకు కొడుకు హైదరాబాదు వెళ్ళిపోయాడు, ఏదో అపార్ట్‌మెంటుకు కాపలా. ఇదీ ఆవిడ చెప్పింది. మధ్యలో ఒకచోట నవ్వింది. గట్లు తెంచడానికి రెండు రోజుల ముందు మొదటి పొక్లెయిన్ వచ్చి రోడ్డు దిగీ దిగగానే బురదలో కేబిన్ దాకా దిగబడిపోయిందట. డ్రైవరు చెప్పులు చేత్తో పట్టుకుని మిషన్ నెత్తికెక్కి కూర్చున్నాడట. బందోబస్తుకి వచ్చిన పోలీసు కూడా ఆపుకోలేక నవ్వేశాడట. అది చెబుతూ ఆవిడ నిజంగానే నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను కూడా నవ్వాను. రికార్డులో ఇద్దరి నవ్వూ ఉంది.

ఏలూరు వచ్చి, మధ్యాహ్నం పూట భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఆ నలభై నిమిషాలనూ ఒక పేజీకి కుదించాను. మీటింగు నాలుగు రోజుల్లో ఉంది. నేను చేసింది ఇది.

ఆవిడ "పాత కొల్లేరు మంచిదేనండి, చూసిపోయేవోళ్ళకి" అంది. నేను "పాత కొల్లేరు మంచిదేనండి" దగ్గర ఆపాను. సొసైటీ చెరువు తీసేశాను. కొడుకును తీసేశాను. పొయ్యిని తీసేశాను. పొక్లెయిన్‌ను తీసేశాను, కానీ దాని వెనకున్న నవ్వును ఉంచాను. దాన్ని తెచ్చి గట్టు తెగిన రోజు పక్కన పెట్టాను. "ఆ రోజు గట్టు తెగిందండి. నీళ్ళు పారిపోయినియ్యండి. ఎంత నవ్వొచ్చిందో చెప్పలేనండి, కడుపుబ్బ నవ్వేను." పాఠం ఇలా ముగుస్తుంది. ప్రతి మాటా ఆవిడదే. ఒక్క అక్షరం కల్పించలేదు. కొన్నేళ్ళ పాటు ఈ ఒక్క వాక్యంతోనే నన్ను నేను నిద్రపుచ్చుకున్నాను.

అది అబద్ధమని ఆ రోజు తెలుసా నాకు? తెలుసు. తెలియదని చెప్పడానికి దారి వెతికాను, దొరకలేదు. "ఎంత నవ్వొచ్చిందో" అన్న మాటను పొక్లెయిన్ దగ్గర కట్ చేసి గట్టు తెగిన మాట పక్కకు తెచ్చేటప్పుడు ఒక క్షణం ఆగాను. నాన్నగారి అరుగు గుర్తొచ్చింది. రెండూ జరిగినవేనమ్మా. అనేసుకుని ముందుకు వెళ్ళిపోయాను. టీ పెట్టుకున్నాను కూడా.

కమిటీలో డీన్ గారు ఆ పేజీని పైకి చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇదండీ కావలసింది, మేడమ్ గారూ" అన్నారు. కోర్సు ఉండిపోయింది. ఐదు యూనిట్లూ ఉండిపోయాయి. ఉండి అబ్బాయి, ద్వారకా తిరుమల అమ్మాయి, వాళ్ళలాంటి పిల్లలు వేల మంది, అందరూ ఆ పేజీ తెరిచిన తలుపులోంచే లోపలికి వచ్చారు. నేను నాంచారమ్మ మాటలను ఉన్నవి ఉన్నట్టు పట్టుకెళ్ళి ఉంటే? ఇది ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఉంది, ఇందులో నీతి ఏముంది అని అటకెక్కించేవారు. ఆ పిల్లలకు ఇంటర్వ్యూ ఇంగ్లీషు దక్కేది. ఇది నేను కల్పించుకున్న భయం కాదు, ఆ గదిలో పదిహేనేళ్ళు కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. మీరైతే ఏం చేసేవారు? నాకు నీతులు చెప్పేముందు ఆ రెండు వారాల్లో ఒక్క రోజు నా కుర్చీలో కూర్చోండి.

చూశారా, మళ్ళీ వాదిస్తున్నాను. ఆ ఒక్క పేజీ దగ్గరే ఆగి ఉంటే ఈ వాదన చెల్లేదేమో. నేను ఆగలేదు.

ఆ పాఠం బాగా పేరు తెచ్చుకుంది. వేరే కాలేజీల వాళ్ళు అడిగి తీసుకున్నారు. పిల్లలు మా బ్లాకు మెట్ల దగ్గర గోడ మీద పెద్ద బొమ్మ వేశారు, నోరారా నవ్వుతున్న ముసలావిడ, వెనక తెగిన గట్టు, పైన గూడబాతులు. ప్రశ్నల బ్యాంకులో రెండు మార్కుల ప్రశ్న చేరింది. "గట్టు తెగిన రోజు నాంచారమ్మకు నవ్వు ఎందుకు వచ్చింది?" కీలో జవాబు, "పాత కొల్లేరు తిరిగి వస్తుందన్న సంతోషంతో." ప్రశ్నా నేనే రాశాను, జవాబూ నేనే రాశాను. సంవత్సరానికి ఆరేడు వందల మంది పిల్లలు ఆ వాక్యం రాసి రెండు మార్కులు తెచ్చుకున్నారు. పరీక్షలో రాసింది మనసులో మిగిలిపోతుంది. కొల్లేరు అంటే వాళ్ళకు ఇప్పుడు ఒక నవ్వే ముసలావిడ. అంతమంది చేత ఒక అబద్ధాన్ని చూచిరాతలా రాయించాను.

నాలుగేళ్ళ క్రితం చేరిన బ్యాచ్‌లో భవాని అని ఒకమ్మాయి ఉండేది. మూడో బెంచీ, కిటికీ పక్కన. పెదవి విప్పేది కాదు. నీరు అన్న యూనిట్ అయిపోయిన రోజు మధ్యాహ్నం స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"మేడమ్ గారండీ, ఒక్క మాట చెప్పొచ్చా అండి?"

"రామ్మా. ఏంటి?"

"ఆ పాఠంలో ఉన్నది మా మామ్మండి. నాన్న వాళ్ళమ్మ."

నేను సంతోషపడినట్టు ముఖం పెట్టాను. చాలా బాగుందమ్మా, క్లాసులో చెప్పవలసింది కదా, అన్నాను.

"మీరు మా ఇంటికొచ్చారండి. నేనే మంచినీళ్ళిచ్చాను." కాసేపు చెప్పుల వైపు చూసుకుంది. "మామ్మ ఆ రోజు నవ్వలేదండి. నవ్వింది మిషన్ దిగబడిపోయినప్పుడండి. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో."

"అందులో ఉన్నవన్నీ ఆవిడ మాటలేనమ్మా. ఒక్కటి కూడా నేను కలపలేదు."

"మాటలు ఆవిడవేనండి. ఆ నవ్వు అక్కడిది కాదండి." గొంతు పెంచలేదు. మా వైపు పిల్లలకు పెంచడం రాదు. "ఆ గట్టు తెగాకే మా నాన్న వెళ్ళిపోయారండి. నాకప్పుడు రెండేళ్ళట. పండక్కొస్తే ఎవరో అనుకుని ఏడ్చేదాన్నటండి. హాస్టల్లో పిల్లలు అడుగుతున్నారండి, మీ నాన్న పని పోతే మీ మామ్మ నవ్విందా అని. నేనేం చెప్పాలండి?"

ఏం చెప్పాలో నాకు తెలుసు. బీరువాలో పాత ఫోను ఉంది, అందులో నలభై నిమిషాలూ ఉన్నాయి. తీసి వినిపిస్తే సరిపోయేది. పాఠం మారుస్తానమ్మా అంటే సరిపోయేది. చివరికి, తప్పయిందమ్మా అన్నా సరిపోయేది. నా నోటి నుంచి వచ్చింది ఇది.

"పరీక్షకు పాఠంలో ఉన్నది రాయి, భవానీ."

"అలాగేనండి," అని వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది. ఆ మర్యాద నన్ను ఇప్పటికీ చంపుతుంది.

ఆ సెమిస్టర్ పేపర్లో ఆ ప్రశ్న వచ్చింది. నేను పెట్టలేదు. బ్యాంకులోంచి పరీక్షల విభాగం వాళ్ళే తీస్తారు. దిద్దే చోట నేను చీఫ్‌ని. జవాబు పత్రాల మీద పేర్లుండవు, నంబర్లే. కొత్తగా చేరిన లెక్చరర్ ఒకాయన ఒక పత్రం పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చాడు. పాఠానికి ఎదురు రాసినట్టుందండి, కానీ తెలిసి రాసినట్టుంది, ఏం వేయమంటారు అని అడిగాడు. చూశాను. గుండ్రటి అక్షరాలు. "ఆ రోజు నాంచారమ్మ నవ్వలేదు. పొయ్యి వెలిగించలేదు. నవ్వు వేరే రోజుది."

"కీ ప్రకారం వేయండి," అన్నాను.

ఆయన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. నేను చూస్తూ ఉన్నాను.

మీకు ఇంకొకటి కూడా తెలియాలి. మా కీలలో ప్రతి జవాబు కింద ఒక వాక్యం ఉంటుంది, సరైన ఇతర జవాబులకు కూడా మార్కులు ఇవ్వవచ్చు అని. ఆ కోర్సు కీలో అన్నింటికీ ఉంది. ఆ ఒక్క ప్రశ్నకు లేదు. మొదటిసారి కీ తయారుచేసిన రోజునే అక్కడ ఆ వాక్యం పెట్టకుండా వదిలేశాను. ఎవరో ఒకరు ఏదో ఒకరోజు వేరే జవాబు రాస్తారని నాకు అప్పుడే తెలుసన్నమాట. పిల్లలకు మీ ఊరి గురించి మీ ఇంట్లో అడిగి తెలుసుకోండి అని చెప్పేదే నా కోర్సు. భవాని నేను చెప్పినట్టే చేసింది. నా విద్యార్థులందరిలో నా కోర్సును నిజంగా చదివింది ఆ అమ్మాయి ఒక్కతే, ఆ అమ్మాయికి సున్నా వేయించాను.

రెండు మార్కులేగా, అనుకున్నాను. ఫస్ట్ క్లాసులో పాసయింది, ఏమైంది ఇప్పుడు, అనుకున్నాను. రీవాల్యుయేషన్‌కి పెట్టుకోలేదు కదా, అనుకున్నాను. తర్వాత మూడేళ్ళూ ఎక్కడ కనిపించినా "గుడ్ మార్నింగ్ మేడమ్" అనేది. మా బ్లాకు మెట్లెక్కాలంటే ఆ గోడ బొమ్మ దాటాలి. దాటేటప్పుడు తల తిప్పుకునేదా, చూసేదా? నేను గమనించలేదు. గమనించకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

ఈ ఏడాది పట్టాలిచ్చిన రోజు వాళ్ళ నాన్న వచ్చారు. తెల్లచొక్కా, ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు. పైనుంచి, స్టాఫ్‌రూము కిటికీలోంచి చూశాను. ఆయన గోడ దగ్గర ఆగిపోయారు. చాలాసేపు బొమ్మ వైపు చూశారు. భవానితో ఏదో అన్నారు, చెయ్యి పైకెత్తి చూపించారు. పక్కనున్న పిల్లల్ని బతిమాలి ఫోను ఇచ్చి, కూతుర్ని పక్కన నిలబెట్టుకుని, వాళ్ళమ్మ బొమ్మ కింద ఫోటో తీయించుకున్నారు. ఎంత గర్వంగా నిలబడ్డారో. వాళ్ళమ్మ ఎందుకు నవ్వుతోందో ఆయనకు తెలియదు. అంటే, ఆ బొమ్మలో ఎందుకు నవ్వుతోందని మేం చెబుతున్నామో తెలియదు. భవానికి తెలుసు. చెప్పలేదు. ఫోటోకు నవ్వింది కూడా. నా అబద్ధాన్ని ఆ అమ్మాయి వాళ్ళ నాన్న కోసం మోస్తోంది. నేను మోస్తున్నదే బరువనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆ సాయంత్రమే ఇది రాయడం మొదలుపెట్టాను. ఐదుసార్లు చింపేశాను.

నాంచారమ్మ బతికే ఉంది. కైకలూరు బస్సెక్కితే గంటన్నర. ఎందుకు వెళ్ళలేదని అడగండి. వెళితే ఆవిడ పీట వేస్తుంది, టీ ఇప్పిస్తుంది, పోనీలెండి అమ్మా, సదువుకున్నోళ్ళు ఏదో రాసుకుంటారు అంటుంది. ఒక్క నిమిషంలో అయిపోతుంది. పదమూడేళ్ళ బరువు ఆవిడ మంచితనం మీద దించేసి చేతులు దులుపుకుని తిరిగి బస్సెక్కుతాను. ఆ పని చేయను. ఇది సాక్ష్యమైతే చివర నాకు నెమ్మది దొరికిందని చెప్పి కూర్చోవాలి. దొరకలేదు. దొరికినట్టు వరస కుదర్చడం నాకు బాగా వచ్చు కాబట్టే కుదర్చడం లేదు.

ఈ ఏడాది సిలబస్ సవరణ ఉంది. కొత్త డీన్ గారు ఏ పాఠమైనా మార్చండి గానీ నాంచారమ్మను మాత్రం ముట్టుకోకండి అన్నారు. ముట్టుకుంటాను. నలభై నిమిషాలూ రాసి, పూర్తిగా, కీ లేకుండా పంపిస్తాను. కోర్సు పోతే పోతుంది. పోకుండా కొట్లాడతాను, అది వేరే సంగతి. ఆ గోడ కూడా ఉంటుందో ఉండదో తెలియదు. కానీ సవరణ పేరుతో కొత్త పేజీ వస్తే పాతది మెల్లగా మాయమైపోతుంది, ఎవరు ఎందుకు మార్చారో ఎవరికీ తెలియదు. అందుకని ముందు ఇది రాస్తున్నాను. మార్చింది నేను. తెలిసే మార్చాను. అడిగిన పిల్లకు సున్నా వేయించాను.

రికార్డులో చివరి రెండు నిమిషాలు ఇక్కడ దించుతున్నాను. వల పక్కన పెట్టి చెప్పింది. వింటూ రాశాను. ఆవిడ ఆగిన చోట ఆగాను.

"పాత కొల్లేరు మంచిదేనండి, చూసిపోయేవోళ్ళకి. మాకేంటండి, వానాకాలం ఇంట్లోకి నీళ్ళొచ్చేసేయి. ఎండాకాలం తాగే నీళ్ళకి బిందెట్టుకుని పొద్దున్నే ఎల్తే ఎండెక్కాక వచ్చేవోళ్ళం. చెరువు తవ్వుకున్నాకే మా వోడు ఇంటికాడున్నాడండి. తప్పంటే తప్పేనండి, అది గవర్నమెంటోళ్ళ నీరు. కాదన్లేదు నేను. గట్టు కొట్టిన్నాడు నేను పొయ్యెలిగించలేదండి. ఆ నీరు ఎల్లిపోతా ఉంటే చూశాను. చేపలు గట్టు మీద కొట్టుకుంటా ఉన్నయ్యండి. ఏడుపు కూడా రాలేదు. అయిపోయిందా అండీ మీ రాసుకోడం? ఉన్నదున్నట్టు రాయండమ్మా. ఇదిగో ఇది మా మనవరాలు, బాగా సదువుద్ది. రేపు పెద్ద సదువుకెళ్ళినప్పుడు మీ పుస్తకం దీనికీ ఇత్తారు కదండీ."

ఆ తర్వాత నా గొంతు ఉంది. "తప్పకుండా అండి," అన్నాను.